ఇసాక్వాకు లైట్ రైల్ కావాలంటే సిటీ కౌన్సిల్‌ని ఏం అడగాలి, ఎలా అడగాలి

2025 వేసవిలో మా అమ్మానాన్న సియాటిల్ దగ్గర ఉండే మా ఇంటికి వచ్చారు. అంతకుముందు వచ్చినప్పుడు లైబ్రరీకి వెళ్లాలన్నా నా మీటింగ్‌లు అయ్యేదాకా కూర్చోవాల్సిందే. ఈసారి అలా కాలేదు, ఎందుకంటే మే 10న డౌన్‌టౌన్ రెడ్‌మండ్ లైట్ రైల్ స్టేషన్ తెరిచారు, రెండు సార్లు తోడు వెళ్లి చూపించాక మూడోసారి ఇద్దరూ ఓర్కా కార్డులు (ఇక్కడి బస్సు, రైలు టికెట్ కార్డులు) పట్టుకుని వాళ్లంతట వాళ్లే బెల్‌వ్యూ వెళ్లొచ్చారు. ఆ సాయంత్రం నాన్న ముఖం చూస్తే నాకు ఎంత సంతోషం వేసిందో! ఇసాక్వాలో ఉండే మా ఫ్రెండ్ వాళ్ల అమ్మానాన్నలకు మాత్రం అక్కడికి రైలు లేక ఇంకా కిటికీ దగ్గర కూర్చోవడమే గతి.

సౌత్ కర్క్‌లాండ్ నుంచి బెల్‌వ్యూ మీదుగా ఇసాక్వాకు వెళ్లే లైన్‌కి 2016లోనే ఓటు పడింది. అప్పుడు 2041 అన్నారు, 2021లో దాన్ని 2044కి జరిపారు. తర్వాత ఖర్చులు ఇంకా పెరిగాయి, దీర్ఘకాలిక ప్రణాళికలో 30 బిలియన్ డాలర్లకు పైగా లోటు ఉందని 2025లో ఈ రైళ్లు కట్టే సౌండ్ ట్రాన్సిట్ సంస్థే చెప్పింది. లోటు వచ్చినప్పుడు ఏ లైన్ వెనక్కి పోతుంది? అడిగేవాళ్లు తక్కువున్న లైన్. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి తెలుసుకోండి, ఇది తెలియకుండా మాట్లాడితే కౌన్సిల్ సభ్యులు మర్యాదగా తలూపి వదిలేస్తారు. మనం ఇప్పటికే కడుతున్నాం. సౌండ్ ట్రాన్సిట్ పరిధిలో సేల్స్ ట్యాక్స్ పడే ప్రతి 100 డాలర్ల వస్తువు మీద 1 డాలర్ 40 సెంట్లు ఆ సంస్థకే వెళ్తుంది. కారు ట్యాబ్స్‌లో (ఏటా కట్టే కారు రిజిస్ట్రేషన్ ఫీజులో) వాళ్ల వాటా కారు విలువలో 1.1 శాతం, అంటే వాళ్ల లెక్కలో 40,000 డాలర్ల విలువున్న కారుకి ఏటా 440 డాలర్లు. ఇవి కాక ఇంటి మీద ప్రాపర్టీ ట్యాక్స్ వేరే ఉంది. పైగా ఈ డబ్బుని ఐదు ప్రాంతాలుగా విడదీసి లెక్క రాస్తారు, ఏ ప్రాంతంలో వసూలైంది ఆ ప్రాంతం మేలు కోసమే వాడాలన్నది నియమం. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, ఇసాక్వా, సమ్మామిష్ అన్నీ ఈస్ట్ కింగ్ అనే ఒకే ఖాతా కింద ఉంటాయి. కాబట్టి 'మా పన్ను అంతా సియాటిల్‌కి పోతోంది' అని మైక్ ముందు అనకండి, అది తప్పు, అంటే మీ మిగతా మాటకి కూడా విలువ పోతుంది. ఈ ఖాతాలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు సిటీ దగ్గర ఏముందో చూద్దాం. రైలు కట్టేది సిటీ కాదు, పన్ను వేసేది కూడా సిటీ కాదు. అలాగని సిటీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ బెల్‌వ్యూ. డౌన్‌టౌన్‌లో రైలు నేల మీద వెళ్తే ఖర్చు తక్కువ, సిటీకేమో సొరంగం కావాలి, దానికి అదనంగా దాదాపు 320 మిలియన్ డాలర్లు అవుతుందని లెక్క తేలింది. ఏళ్ల తరబడి వాదనలు నడిచి, చివరికి 2011లో సిటీ గరిష్ఠంగా 160 మిలియన్ల దాకా భరించేలా ఒప్పందం చేసుకుంది. ఈరోజు 110వ అవెన్యూ కింద మనం వెళ్లే సొరంగం ఆ ఒప్పందం పుణ్యమే. అదంతా చెక్కు రాసి ఇచ్చిన డబ్బు అనుకోకండి, సిటీ ఇచ్చే స్థలం, వదులుకునే హక్కులు కూడా ఇలాంటి వాటాలో లెక్కకొస్తాయి. 'మేం సపోర్ట్ చేస్తున్నాం' అని తీర్మానం చేసిన సిటీలు చాలానే ఉంటాయి, సౌండ్ ట్రాన్సిట్ బోర్డు ముందు బరువున్న మాట మాత్రం ఇలా వాటాతో వచ్చినదే.

అందుకే కౌన్సిల్ ముందు 'మాకు రైలు కావాలి' అని ఆపేయకండి. ఒక్క పని పేరు పెట్టి అడగండి. స్టేషన్ రాబోయే చోట సిటీకి స్థలం ఉంటే దాన్ని ముందే పక్కన పెట్టమనండి. పర్మిట్లు త్వరగా చూడటానికి ఉద్యోగులను కేటాయించమనండి, చట్టప్రకారం సిటీ ఈ లైన్‌ని అడ్డుకోలేదు కానీ పర్మిట్ల దగ్గర ఆలస్యం జరిగితే ప్రతి నెలా ఖర్చు పెరుగుతుంది. స్టేషన్ చుట్టూ ఎక్కువ ఇళ్లు కట్టేలా జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే సిటీ నియమాలు, మార్చమనండి. స్టేషన్ దాకా ఫుట్‌పాత్ సిటీ డబ్బుతో వేయమనండి. ఫుట్‌పాత్ చిన్న విషయంలా కనిపిస్తుంది, మా అమ్మ స్టేషన్ దాకా నడవగలిగింది ఫుట్‌పాత్ ఉండబట్టే.

జోనింగ్ గురించి ఇంకో మాట. మనవాళ్లలో చాలామందికి అపార్ట్‌మెంట్లు వస్తే స్కూళ్లు నిండిపోతాయని, ఇంటి విలువ తగ్గుతుందని భయం, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఫెడరల్ గ్రాంట్‌కి రేటింగ్ ఇచ్చేటప్పుడు స్టేషన్ చుట్టూ భూమిని ఎలా వాడుతున్నారో చూస్తారు, స్థానికంగా డబ్బు ఎంత గట్టిగా కట్టుబడి ఉందో కూడా చూస్తారు. సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న లిన్‌వుడ్ లైన్‌కి 2018లో వచ్చిన ఫెడరల్ గ్రాంట్ 1.17 బిలియన్ డాలర్లు. స్టేషన్ కావాలి, దాని పక్కన మనుషులు మాత్రం వద్దు అంటే ఆ లెక్క నిలబడదు.

ఇక మాట్లాడటం. కౌన్సిల్ మీటింగ్ ఎజెండా సిటీ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. మాట్లాడాలంటే సిటీ క్లర్క్ దగ్గర పేరు ఇవ్వాలి, గడువు ఒక్కో సిటీకి ఒక్కోలా ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కోండి. మామూలుగా ఇచ్చేది మూడు నిమిషాలు. నేను మొదటిసారి ఒక కౌన్సిల్‌లో మాట్లాడినప్పుడు అమెరికాకి ఎప్పుడొచ్చాను, ఎక్కడ పనిచేస్తాను అని చెప్పేసరికే సగం టైమ్ అయిపోయింది, అసలు అడగాల్సింది అడగకముందే మైక్ ఆపేశారు. ఇంటికొచ్చేదాకా బాధే. అప్పటి నుంచి కాగితం మీద రాసుకుని, ఇంట్లో గట్టిగా చదివి టైమ్ చూసుకుంటున్నాను. మొదటి వాక్యంలోనే అడగాల్సింది అడిగేయండి, తర్వాత మీ ఇంటి కథ ఒక్కటి, తర్వాత ఒక్క లెక్క. అంతే. పదిమంది ఒకే కాగితం చదవడం కంటే ముగ్గురు మూడు సొంత కథలు చెప్పడం మేలు. ఇంగ్లిష్ యాస గురించి టెన్షన్ పడకండి, నెమ్మదిగా చెప్తే అందరికీ అర్థమవుతుంది.

హెచ్‌1బీలో ఉన్నాం, మనకెందుకు అనుకునేవాళ్లకి: ఓటు లేకపోయినా కౌన్సిల్ ముందు మాట్లాడొచ్చు, మెయిల్ రాయొచ్చు, పన్ను మీరూ కడుతున్నారు. ఒక్క జాగ్రత్త, గ్రీన్ కార్డు లేనివాళ్లు ఎన్నికల ప్రచారాలకు డబ్బు ఇచ్చే జోలికి అసలు వెళ్లొద్దు.

రేపు ఎప్పుడైనా కొత్త పన్ను మీద మళ్లీ ఓటింగ్ వస్తే ఇంకో నియమం గుర్తుంచుకోండి. వాషింగ్టన్ రాష్ట్రంలో సిటీ ఉద్యోగులు, సిటీ ఆఫీసు, సిటీ మెయిల్ ఏదీ ఆ ప్రచారానికి వాడకూడదు. కౌన్సిల్ మాత్రం బహిరంగ సమావేశంలో, ముందే నోటీసు ఇచ్చి, వ్యతిరేకించేవాళ్లకీ మాట్లాడే అవకాశం ఇచ్చి తీర్మానం చేయొచ్చు. కాబట్టి సిటీ ప్లానర్‌కి ఫోన్ చేసి 'మా ఫ్లయర్ మీరు పంచండి' అని అడిగి ఆయన్ని ఇబ్బందిలో పెట్టకండి.

కౌన్సిల్ దగ్గర పని అయ్యాక సౌండ్ ట్రాన్సిట్ బోర్డు ఉంది. మొత్తం 18 మంది: రాష్ట్ర రవాణా శాఖ కార్యదర్శి ఒకరు, మిగతావాళ్లంతా మూడు కౌంటీల నుంచి వచ్చే స్థానిక నాయకులే, కౌంటీ ఎగ్జిక్యూటివ్‌లు, మేయర్లు, కౌన్సిల్ సభ్యులు. ప్రణాళికను మార్చడం లాంటి పెద్ద నిర్ణయాలకు మూడింట రెండు వంతుల ఓట్లు, అంటే 12 కావాలి. అందుకే ఈస్ట్‌సైడ్ (బెల్‌వ్యూ, రెడ్‌మండ్, ఇసాక్వా వైపు) సభ్యులకు మాత్రమే రాసి ఊరుకుంటే సరిపోదు. టకోమా, ఎవరెట్ వాళ్లకీ వాళ్ల లైన్ల బెంగ ఉంది, ముందు వాళ్ల లైన్‌కి మద్దతు చెప్పి ఆ తర్వాత మన సంగతి రాయండి. మీటింగ్ మామూలుగా నెలలో నాలుగో గురువారం మధ్యాహ్నం ఉంటుంది, ఆఫీసు టైమే కాబట్టి రిటైరైన వాళ్లెవరైనా వెళ్లగలిగితే మంచిది.

మీటింగ్ అయిన రెండు రోజుల్లో ఒక చిన్న మెయిల్ పంపండి, మీరు ఏం అడిగారో ఒక్క లైన్‌లో, దాని మీద ఏం చేయబోతున్నారో చెప్పమని ఇంకో లైన్‌లో. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ పంపండి. ఇక్కడ సిటీ బడ్జెట్లు డిసెంబర్ లోపు ఆమోదిస్తారు కాబట్టి వేసవి నుంచే మొదలుపెట్టడం నయం. బడ్జెట్ ముసాయిదా వచ్చాక అందులో క్యాపిటల్ ప్లాన్ (సిటీ కట్టబోయే పనుల జాబితా) తెరిచి, మీరు అడిగిన స్థలమో ఫుట్‌పాతో ఎక్కడైనా ఒక లైన్‌గా ఉందేమో వెతకండి. లేకపోతే వచ్చే మీటింగ్‌కి ఆ పేజీ ప్రింట్ తీసుకుని వెళ్లండి.