రోజువారీ ఇంగ్లిష్, 3వ పాఠం: 'గెట్' పక్కన ఏముంది?

పోయిన పాఠంలో 'గెట్' అంటే దొరకడం, అందడం అని మొదలుపెట్టి, 'అవడం' అనే అర్థం దగ్గర ఆపాం. ఈసారి 'గెట్ అప్', 'గెట్ ఓవర్' లాంటి జంట మాటలు చెప్పాలనుకున్నాను. కానీ మీరు రాసిన జవాబులు చదివాక వాటిని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. దాదాపు అందరూ ఒక్కచోటే జారారు. 'నాకు కోపం వచ్చింది' అన్న వాక్యానికి 'ఐ గాట్ యాంగర్' అని రాశారు. 'ఆకలేస్తోంది' అన్నదానికి 'ఐయామ్ గెటింగ్ హంగర్'. 'నిద్రొస్తోంది' అంటే 'ఐయామ్ గెటింగ్ స్లీప్'. ఇది సరిచేసుకోకుండా ముందుకెళ్తే తర్వాత నేర్చుకునేదంతా దీనిమీదే నిలబడాల్సి వస్తుంది.

తెలుగులో కోపం, నిద్ర, జ్వరం, నవ్వు, ఏడుపు, అనుమానం అన్నీ మనకు 'వస్తాయి'. వచ్చేది కోపం, ఎవరికి అంటే నాకు. ఇంగ్లిష్‌లో వాక్యం ఇలా నడవదు. అక్కడ కోపం రాదు, మనిషే కోపిష్టి అవుతాడు. కాబట్టి 'గెట్' తర్వాత 'యాంగర్' అనే నామవాచకం కాకుండా 'యాంగ్రీ' అనే విశేషణం రావాలి. 'ఐ గాట్ యాంగ్రీ.' అలాగే హంగ్రీ, టైర్డ్, బోర్డ్, నర్వస్, అప్‌సెట్.

నేను ఎప్పుడూ వాడే పద్ధతి ఒకటే. 'గెట్' అర్థాల జాబితా బట్టీ పట్టను, దాని పక్కనున్న మాట చూస్తాను. పక్కన నామవాచకం ఉంటే ఏదో అందింది, దొరికింది, తగులుకుంది. విశేషణం ఉంటే అలా అయింది. ఊరో ఇల్లో ఉంటే అక్కడికి చేరారు. క్రియ మూడో రూపం ఉంటే ఏదో జరిగింది. సగానికి పైగా వాక్యాలు ఇంతటితోనే తేలిపోతాయి.

ఇప్పుడు నిద్ర సంగతి దగ్గరగా చూద్దాం. 'ఐయామ్ గెటింగ్ స్లీపీ' అంటే నిద్రొస్తోంది. 'స్లీప్' అంటే నిద్ర అనే వస్తువు, కాబట్టి 'గెట్ స్లీప్' అంటే నిద్ర దొరకడం. 'యూ షుడ్ గెట్ సమ్ స్లీప్' అంటే కాసేపు పడుకోవాలి అని చెప్పడం. 'ఐయామ్ నాట్ గెటింగ్ ఎనఫ్ స్లీప్' అంటే ఈమధ్య సరిపడా నిద్ర ఉండటం లేదు. ఇక కళ్లు మూతలు పడుతున్న మనిషి 'ఐయామ్ గెటింగ్ స్లీప్' అంటే, ఎదుటివాళ్లకు 'నాకు నిద్ర బాగానే పడుతోంది' అన్నట్టు వినబడుతుంది. చెప్పాలనుకున్నదానికి దాదాపు వ్యతిరేకం.

జబ్బుల దగ్గర మాత్రం మన అలవాటే పనికొస్తుంది: 'ఐ గాట్ ఎ ఫీవర్', 'ఐ గాట్ ఎ కోల్డ్'. మధ్యలో ఆ 'ఎ' మరిచిపోకండి. నవ్వు, ఏడుపు మాత్రం 'గెట్' పరిధిలోకి రావు. నవ్వొస్తే 'ఇట్ మేడ్ మి లాఫ్', ఏడుపొస్తే 'ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్'. క్లాసులో డౌట్ వస్తే 'ఐ గాట్ ఎ డౌట్' అనకండి, 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనండి. ఇంగ్లిష్‌లో 'డౌట్' అంటే చాలాసార్లు నమ్మకం లేకపోవడం. మీరు చెప్పేది నేను నమ్మడం లేదు అన్న అర్థం టీచర్‌కు చేరవచ్చు.

'ఐయామ్ హంగ్రీ' అన్నా, 'ఐయామ్ గెటింగ్ హంగ్రీ' అన్నా ఒకటేనా అని అడిగారు. కాదు. మొదటిది ఇప్పుడున్న స్థితి, రెండోది ఆ స్థితిలోకి వెళ్తున్నామని చెప్పడం. ఎటూ తేల్చుకోలేకపోతే మొదటిదే వాడండి, నేనూ అంతే.

'గెట్ మ్యారీడ్', 'గెట్ డ్రెస్డ్', 'గెట్ హర్ట్' లాంటివి మీకు తెలిసినవే. 'వి గాట్ లాస్ట్' అంటే దారి తప్పాం. ఉత్త 'గెట్ లాస్ట్' మాత్రం 'పో అవతలికి' అని కసిరినట్టు, జాగ్రత్త. చేరడం అన్న అర్థంలో 'గెట్ టు ద స్టేషన్' అంటాం కానీ హోమ్, హియర్, దేర్ ముందు 'టు' రాదు. 'వాట్ టైమ్ విల్ యూ గెట్ హోమ్?' సరైనది. మనవాళ్లు ఇక్కడ ఎక్కువగా 'రీచ్' వాడతారు. తప్పు కాదు గానీ మామూలు మాటల్లో నాకు 'గెట్' సహజంగా అనిపిస్తుంది.

ఇక నన్ను ఎప్పటినుంచో ఇబ్బంది పెడుతున్న తప్పు ఒకటుంది. చదువుకున్నవాళ్లూ, ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లూ, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లూ చేస్తారు. 'నిన్న జుట్టు కత్తిరించుకున్నాను' అని చెప్పడానికి 'ఐ కట్ మై హెయిర్ యెస్టర్‌డే' అనేస్తారు. తెలుగులో ఆ వాక్యం వింటే క్షవరం ఎవరు చేశారో ఎవరూ అడగరు, అది తెలిసిన సంగతే. ఇంగ్లిష్ వాక్యం మాత్రం ముందు చెప్పేది ఒకటే: కత్తెర మీరే పట్టుకుని, అద్దం ముందు నిలబడి, మీ జుట్టు మీరే కత్తిరించుకున్నారు. 'ఐ గాట్ మై హెయిర్ కట్' అనాలి. ముందు 'గెట్', తర్వాత వస్తువు, చివర్లో క్రియ మూడో రూపం. ఈ వరస మారకూడదు. 'ఐ గాట్ కట్ మై హెయిర్' అంటే వాక్యమే కాదు.

ఒక్క ఉదాహరణతో ఈ అలవాటు వదలదు, అందుకే ఇన్ని ఇస్తున్నాను. 'ఐ రిపేర్డ్ మై ఫోన్' అంటే ఫోన్ విప్పి బాగుచేసింది మీరే. షాపులో ఇచ్చి చేయిస్తే 'ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్'. 'ఐ పుల్డ్ అవుట్ మై టూత్' అంటే పన్ను మీరే పీక్కున్నారు. డాక్టర్ పీకితే 'ఐ గాట్ మై టూత్ పుల్డ్ అవుట్'. 'ఐ టెస్టెడ్ మై ఐస్' కాదు, 'ఐ గాట్ మై ఐస్ టెస్టెడ్'. 'వి పెయింటెడ్ ద హౌస్' అన్నది మీరు బ్రష్ పట్టుకుంటేనే నిజం, పెయింటర్లు వేస్తే 'వి గాట్ ద హౌస్ పెయింటెడ్'. ఇంటర్వ్యూలో 'ఐ డిజైన్డ్ అవర్ వెబ్‌సైట్' అన్నారంటే తర్వాతి ప్రశ్న అది ఎలా డిజైన్ చేశారన్నదే. వేరేవాళ్లతో చేయించి ఉంటే అక్కడ చిక్కుకుంటారు.

నిజానికి ఈ తేడా తెలుగులోనే ఉంది. చేశాను, చేయించాను. కట్టాను, కట్టించాను. రాశాను, రాయించాను. 'ఇంచు' వినబడిన చోట ఇంగ్లిష్‌లో 'గెట్' పెట్టండి. అయితే ప్రతి 'ఇంచు'నూ నమ్మొద్దు. కత్తిరించడం, వడ్డించడం, ప్రేమించడం వంటి క్రియల్లో అది పుట్టుకతోనే ఉంది, వేరొకరిచేత చేయించడం అన్న అర్థం లేదు. వాక్యం రాసేముందు 'పని చేసిన చెయ్యి ఎవరిది?' అని అడగండి. మీది కాకపోతే 'గెట్'. 'ఐ గాట్ ద వర్క్ డన్' మాత్రం రెండువైపులా పనిచేస్తుంది. పని పూర్తయింది అన్నదే అక్కడ ముఖ్యం, మీరు చేసినా ఇంకొకరు చేసినా అదే వాక్యం.

పని చేసిన మనిషిని కూడా చెప్పాలంటే 'టు' వస్తుంది: 'ఐ గాట్ హిమ్ టు సైన్ ఇట్', నచ్చజెప్పి సంతకం పెట్టించాను. 'ఐ మేడ్ హిమ్ సైన్ ఇట్' అంటే ఒత్తిడి పెట్టాను, అక్కడ 'టు' రాదు.

'గాట్ టు' గురించి ఒక్క మాట. 'ఐ గాట్ టు మీట్ హర్' అంటే ఆమెను కలిసే అవకాశం దొరికింది, కలిశాను కూడా. 'ఐ హావ్ గాట్ టు మీట్ హర్' అంటే కలిసి తీరాలి, ఇంకా కలవలేదు. చిక్కేమిటంటే మాట్లాడేటప్పుడు 'హావ్' నలిగి 'ఐవ్' అవుతుంది, ఒక్కోసారి అదీ వినబడదు. అప్పుడు ముందూ వెనకా వాక్యాలే దిక్కు.

'గాటన్' తప్పా అని కూడా అడిగారు. తప్పు కాదు. 'గెట్' స్కాండినేవియా నుంచి వచ్చిన పాత నోర్స్ భాష మాట, దాని మూడో రూపంగా 'గాటన్' ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనూ నడిచింది. బ్రిటన్‌లో తర్వాత పడిపోయింది, అమెరికాలో నిలబడింది. 'ఫర్గెట్, ఫర్గాట్, ఫర్గాటన్'లో ఆ పోలిక అందరికీ మిగిలే ఉంది. అమెరికన్లకు ఇది పనికొచ్చే తేడా. 'హి హాజ్ గాట్ ఎ జాబ్' అంటే ఉద్యోగం ఉంది, 'హి హాజ్ గాటన్ ఎ జాబ్' అంటే ఉద్యోగం దొరికింది. ఏదో ఒకవైపు పట్టుకుని అదే వాడండి, ఒకే పేజీలో రెండూ కలపకండి.

అభ్యాసం ఈసారి కాస్త కష్టం. కింది పేరాను వీలైనన్ని చోట్ల 'గెట్' వాడుతూ ఇంగ్లిష్‌లో రాయండి.

'నిన్న ఇంటికి చేరేసరికి ఏడైంది. బాగా అలసిపోయాను. కళ్లజోడు బాగుచేయించుకుందామనుకున్నాను గానీ షాపు మూసి ఉంది. తమ్ముడు పెట్టిన మెసేజ్ అర్థం కాలేదు. ఫోన్ చేసి వాడిచేత మళ్లీ చెప్పించాను. సంగతి తెలిసి మొదట కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. రాత్రి సరిగ్గా నిద్రలేదు. ఇవాళ ఎలాగైనా వాడిని కలవాలి.'

అందులో రెండు చోట్ల 'గెట్' కుదరదు, అవేవో గుర్తుపట్టండి. అది అయ్యాక అదే పేరాను 'గెట్' ఒక్కసారి కూడా లేకుండా, ఆఫీసుకు రాసే ఉత్తరం తరహాలో తిరగరాయండి. 'అరైవ్', 'బికమ్', 'అండర్‌స్టాండ్' అప్పుడు పనికొస్తాయి. కళ్లజోడు వాక్యం దగ్గర 'గెట్' బదులు 'హావ్' పెట్టి చూడండి, మాటల వరస మాత్రం మార్చకండి.