సొంత పియానో బాణీకి వచ్చే ఫిర్యాదులు: లక్షణం, కారణం, సవరణ

"బేస్ తగ్గించు" అన్న శ్రోతను నిజంగా ఇబ్బంది పెట్టినది బేస్ కాకపోవచ్చు. విన్నవారు చెప్పే చికిత్సను పక్కన పెట్టి, లక్షణాన్ని మాత్రమే తీసుకుని, దోషం స్వరరచనలో ఉందా, వాయింపులో ఉందా, మిక్సింగ్‌లో (రికార్డు చేసిన శబ్దాల హెచ్చుతగ్గులు సర్దడంలో) ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

"ఎడమ చెయ్యి ముద్దగా వినిపిస్తోంది"

తరచుగా వచ్చే ఫిర్యాదు ఇది. ఈక్వలైజర్ (ఏ శ్రుతి ప్రాంతం ఎంత వినిపించాలో సర్దే సాధనం) తెరవడానికి ముందు ఆ భాగాన్ని సస్టెయిన్ పెడల్ (వేలు తీసినా స్వరాన్ని మోగనిచ్చే పెడల్) లేకుండా వాయించి చూడాలి. తేటపడితే దోషం పెడల్‌దే. కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మారినప్పుడల్లా పాదం ఎత్తి, కొత్త కార్డ్ మోగిన వెంటనే మళ్ళీ నొక్కాలి. తేటపడకపోతే కార్డ్ అమరికను చూడాలి. మధ్య సి 261.6 హెర్ట్జ్ వద్ద ఉంటుంది; అంతకు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి, అంటే సుమారు 131 హెర్ట్జ్‌కు దిగువన, సి, ఇ, జి స్వరాలను పక్కపక్కనే మోగిస్తే చెవి వాటిని స్పష్టంగా విడదీయలేదు. ఇ స్వరాన్ని ఒక స్థాయి పైకి జరిపితే అదే కార్డ్ విచ్చుకుంటుంది. ఇవి సరిచేశాక కూడా ముద్దతనం మిగిలితేనే ఈక్వలైజర్‌తో 200–400 హెర్ట్జ్ ప్రాంతాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించాలి.

"మిషన్ వాయించినట్టుంది"

కంప్యూటర్‌లో కూర్చేటప్పుడు ప్రతి స్వరం ఎంత బలంగా మోగాలో చెప్పే అంకె, అంటే మిడి వెలాసిటీ, 1 నుంచి 127 వరకు ఉన్నా, మౌస్‌తో పెట్టిన స్వరాలన్నీ ఒకే అంకె దగ్గర ఉండిపోతాయి. బాణీ నడిచే పై స్వరానికి తోడు స్వరాలకన్నా పెద్ద అంకె ఇచ్చి, క్వాంటైజ్ (స్వరాలను కచ్చితమైన తాళానికి లాగే సవరణ) బలాన్ని తగ్గించాలి.

"హెడ్‌ఫోన్‌లో బాగుంది, ఫోన్‌లో బాణీ కనబడదు"

స్టీరియో (కుడి, ఎడమ చానళ్ళ శబ్దం) మరీ వెడల్పైతే, చిన్న స్పీకర్‌లో రెండు చానళ్ళూ కలిసినప్పుడు కొన్ని స్వరాలు పరస్పరం రద్దవుతాయి. మోనోలో (రెండు చానళ్ళనూ ఒకటిగా కలిపి) విని, వెడల్పు తగ్గించాలి.

"రాగం పలకలేదు"

కర్ణాటక సంగీతం నేర్చినవారి నుంచి ఈ మాట వస్తే మిక్సింగ్ జోలికి పోనక్కరలేదు. పియానో మెట్టుకు గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) లొంగదు. తోడి వంటి గమకప్రధాన రాగంకన్నా మోహనం ఈ వాద్యం మీద సుఖంగా కూర్చుంటుంది.

"ఎక్కడో అపశ్రుతి"

విశాఖపట్నంలో, ముఖ్యంగా ఆర్కే బీచ్ వైపు ఇళ్ళలో, అసలు పియానోతో రికార్డు చేసేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. గాలిలోని తేమకు సౌండ్‌బోర్డు (తీగల నాదాన్ని పెంచే చెక్కపలక) ఉబ్బి, మధ్యస్థాయి తీగల శ్రుతి మిగతావాటికన్నా ఎక్కువగా పైకి జరుగుతుంది. తీగ తీగకూ తేడా వేరు కనుక ఎంత మిక్సింగ్ చేసినా అది పోదు. రికార్డింగ్‌కు ముందు శ్రుతి చేయించడమే మార్గం. మైకు ఆన్ చేసేటప్పుడు, ఎంత ఉక్కపోసినా, ఫ్యాన్ ఆపక తప్పదు.

"బాగుందండీ"

నిజానికి ఇదే కష్టమైన లక్షణం, ఎందుకంటే మర్యాదకు అన్నమాటలో సమాచారం ఉండదు. "ఎలా ఉంది" అని కాక, "ఏ నిమిషం దగ్గర మనసు పక్కకు పోయింది" అని అడగాలి. రెండు మిక్స్‌లు పంపితే ముందుగా వాటి శబ్దస్థాయి సమం చేయాలి. లేకుంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే మెరుగని దాదాపు అందరూ అంటారు.