స్టాంపు గీత దాటి రంగు పాకుతుంటే

ఉగాదికో, ఒడియా వాళ్ల కొత్త సంవత్సరమైన పణా సంక్రాంతికో ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు చేసే మన బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ వాళ్లు తరచూ అడిగేది ఒక్కటే: రబ్బరు స్టాంపు వేసిన పువ్వులో నీటి రంగు నింపగానే అంతా అలుక్కుపోతోంది, ఏం చేయాలి? అప్పటికే ప్యాడ్ మార్చి ఉంటారు, కుంచె మార్చి ఉంటారు. చేయనిది ఒక్కటే. కార్డుకు వాడే కాగితం నుంచే ఒక పీలిక కత్తిరించి, స్టాంపు వేసి, బాగా ఆరాక రంగు కుంచెతో ఒక్కసారి రాసి చూడాలి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని వదిలేస్తారు. దయచేసి ముందు ఇది చేయండి.

గీత కరిగి కుంచెకు నలుపు అంటుకుంటే

తప్పు సిరాది. ఆఫీసు ముద్రలు చేసే దుకాణంలో స్టాంపుతో పాటు ఇచ్చే ప్యాడ్‌లో సాధారణంగా నీటికి కరిగే సిరాయే ఉంటుంది. ప్యాడ్ మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్నదే కొనండి. పిగ్మెంట్ సిరా (నీటిలో కరగని రంగుపొడి కలిపినది) వాడితే తొందరపడకండి, వానాకాలంలో అది చాలా నెమ్మదిగా ఆరుతుంది. తడిగా ఉండగానే పారదర్శక ఎంబాసింగ్ పొడి చల్లి, హీట్ గన్‌తో కరిగిస్తే గీత పొలం గట్టులా లేచి రంగును లోపలే ఆపుతుంది.

గీత చెక్కుచెదరకుండా రంగు మాత్రం దాని కిందుగా పాకితే

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. నలుపు కరగలేదు, కుంచె శుభ్రంగానే ఉంది. అయినా రంగు గీత దాటుతుంది, అక్కడక్కడా ముదురు చుక్కలు తేలుతాయి, వెనుక వైపుకీ మరక దిగుతుంది. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని కుంచె పిండుకుంటూ కూర్చుంటారు. లోపం కాగితంలో ఉంది.

వాటర్‌కలర్ కాగితానికి జెలటిన్ వంటి పదార్థంతో ‘సైజింగ్’ చేస్తారు. తడిని వెంటనే పీల్చకుండా, రంగును కాసేపు పైనే నిలిపేది అదే. మన తీరప్రాంతపు తేమలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెరిచి ఉంచిన కట్టలో ఈ సైజింగ్ పాడైపోవచ్చు. కాగితం చూడటానికి తెల్లగా, కొత్తగానే ఉంటుంది. మార్చిలో చక్కగా పనిచేసిన కట్టే దసరాకు మొండికేస్తుంది. ‘కాగితం మంచిదే, పాతదే కదా’ అన్న మాట విన్నప్పుడల్లా నా అనుమానం ముందు దాని మీదకే పోతుంది.

పరీక్షకు నీటి చుక్క చాలు. షీటు అంచున ఒకటి, మధ్యలో ఒకటి పెట్టండి. చుక్క ఉబ్బుగా నిలిస్తే కాగితం బాగున్నట్టు. వెంటనే ఇంకి, మచ్చలా విస్తరిస్తే సైజింగ్ పోయినట్టు. పాడవడం షీటంతా ఒకేలా ఉండదు కాబట్టి రెండుచోట్లా చూడాలి. పూలరేకులు పొదిగిన అలంకరణ కాగితాలు కొన్ని అసలు సైజింగ్ లేకుండానే వస్తాయి. వాటికీ ఇదే పరీక్ష.

పాడైన కాగితాన్ని పారేయకండి, రంగు పెన్సిళ్లకు బాగా పనికొస్తుంది. తప్పనిసరిగా నీటి రంగులే వేయాలంటే 2 గ్రాముల రుచి కలపని జెలటిన్‌ను 100 మిల్లీలీటర్ల చన్నీళ్లలో నానబెట్టి, మరగనివ్వకుండా వేడిచేసి కరిగించి, వెడల్పు కుంచెతో పలుచగా పూయండి. పూర్తిగా ఆరాక మళ్లీ చుక్క పెట్టి చూసి, ఆ తర్వాతే స్టాంపు వేయండి. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది, అది ఇష్టంలేనివారు కొత్త కాగితం కొనడమే మేలు. కొన్నదాన్ని గాలి చొరని సంచిలో సిలికా జెల్ పొట్లంతో దాచండి. చెమ్మగిల్లే గోడ బీరువా దానికి తగిన చోటు కాదు.

మిగిలినవి

కొన్నిచోట్ల రంగు అసలు పట్టకపోతే అది తలనూనె చేతుల గుర్తు, సబ్బుతో కడుక్కుని కూర్చోండి. కార్డు వంకర పోతే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం మీద బొమ్మ వేసి, ఆరాక కార్డుకు అతికించండి. సగం ఆరిన రంగులో మళ్లీ నీళ్లు తగిలితే గోబీపువ్వులాంటి వంకర అంచులు వస్తాయి, ఆరేదాకా ముట్టుకోకండి. స్టాంపు మచ్చలుమచ్చలుగా పడితే కాగితం గరుకు ఎక్కువ, నునుపైన హాట్ ప్రెస్డ్ రకం తీసుకోండి. రంగుల కంపెనీ, బావినీళ్ల ఉప్పు లాంటి అనుమానాలు పై పరీక్షలన్నీ అయ్యాకే.