వేగంలో బండి ఊగుతుంటే కారణం ఎలా వెతకాలి

వేగం పెరిగేసరికి బైక్ నిలకడ తప్పుతుంటే చాలామంది మెకానిక్ దగ్గరికి వెళ్లి "బండి ఊగుతోంది" అని మాత్రమే చెబుతారు. ఆ మాటను బట్టి అతను ఎక్కడ వెతకాలో తెలియదు. ఊగుతున్నది హ్యాండిలా, బండి మొత్తమా అన్నది ముందు నడిపేవారే గమనించాలి. హ్యాండిల్ మాత్రమే సెకనుకు సుమారు 4 నుంచి 10 సార్లు గబగబా అటూ ఇటూ కొట్టుకుంటే దాన్ని వాబుల్ అంటారు. అలా కాకుండా సెకనుకు రెండు మూడు సార్లు, వెనక భాగం పాములా మెలికలు తిరుగుతూ బండంతా ఊగితే అది వీవ్. మొదటిదానికి కారణం ఎక్కువగా ముందు చక్రంలోనో హ్యాండిల్ బేరింగుల్లోనో ఉంటుంది. రెండోదానికి వెనక టైరు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కదిలే చట్రం), సామాను బరువు వైపు చూడాలి.

ఊగుడు మొదలైన క్షణంలో చేతులు హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవాలని చూస్తాయి. అలా పట్టుకుంటే మన శరీరపు కదలిక కూడా హ్యాండిల్‌కు చేరి ఊగుడు పెరగవచ్చు. పట్టు వదలకుండానే చేతులను సడలించి, మోకాళ్లతో ట్యాంకును గట్టిగా అదిమి, ఒంటిని కాస్త ముందుకు వంచి, యాక్సిలరేటర్‌ను మెల్లగా తగ్గించాలి. ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కడం అన్నిటికంటే ప్రమాదకరం. పరీక్ష కోసమని నడుస్తున్న బండి హ్యాండిల్‌పై నుంచి చేతులు తీయడం కూడా దయచేసి ఎవరూ చేయవద్దు.

వెతకడం టైర్లతో మొదలుపెట్టాలి. గాలిని బండి నడపకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిచి, కంపెనీ బండిపై అంటించిన స్టిక్కర్‌లోని అంకెతో పోల్చాలి. టైరు పక్కన అచ్చువేసి ఉండే అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. తర్వాత అరచేతిని టైరుపై ఒక అంచు నుంచి మరో అంచుకు జరిపి చూడాలి. గుండ్రంగా ఉండాల్సిన టైరు నడిమి భాగం అరిగి చదునైతే అక్కడ ఒక మెట్టు చేతికి తగులుతుంది. అలాంటి టైరును మార్చాల్సిందే. కొత్త టైరు వేయించిన వెంటనే ఊగుడు మొదలైతే మాత్రం రిమ్ము పక్కన టైరుపై ఉండే సన్నని గీతను చూడాలి. నా బండికి ముందు టైరు మార్పించాక హ్యాండిల్ అదరడం మొదలైంది. చక్రాన్ని తిప్పుతూ చూస్తే ఆ గీత ఒకచోట రిమ్ము లోపలికి దిగిపోయి ఉంది. గాలి తీసి, టైరు అంచులకు సబ్బు నీళ్లు పట్టించి మళ్లీ నింపాక గీత చుట్టూ సమానంగా కనిపించింది, అదురూ పోయింది.

టైర్లలో లోపం లేకపోతే హ్యాండిల్ బేరింగులను, అంటే మెకానిక్‌లు కోన్‌సెట్ అనేదాన్ని పరీక్షించాలి. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా వెనక భాగాన్ని ఒకరు అదిమి పట్టుకోవాలి. ఫోర్కుల, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే గొట్టాల, కింది చివరలను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు "టక్" మని కదిలితే కోన్‌సెట్ వదులైనట్టు. తర్వాత హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మాత్రమే నెమ్మదిగా ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పాలి. సరిగ్గా నడిమికి వచ్చేసరికి చిన్న గుంటలో పడ్డట్టు ఆగి, కాస్త బలం పెడితే తప్ప కదలకపోతే, బేరింగు దారిలో గుంట పడిందని అర్థం. దాన్ని మళ్లీ బిగించినా లాభం లేదు, సెట్ మార్చాలి. అతిగా బిగించడమూ తప్పే, ఎందుకంటే హ్యాండిల్ తేలికగా తిరగకపోతే బండి తనంతట తాను సరిదిద్దుకోలేక ఊగుతుంది.

వెనక చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద మరో చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే చక్రపు బేరింగులో గానీ స్వింగ్ ఆర్మ్ బుష్‌లలో గానీ ఉన్న వదులు తెలుస్తుంది. కదలిక ఏ చోట మొదలవుతోందో పక్కన మరొకరు చూస్తే తేడా దొరుకుతుంది. చైన్ బిగించినప్పుడు వెనక ఇరుసు దగ్గర రెండు వైపులా ఉండే గీతలు సమానంగా ఉన్నాయేమో చూడాలి. చక్రం పక్కకు ఊగితే రిమ్ము దగ్గర పెన్సిల్ ఆనించి తిప్పి చూడవచ్చు; 2 మిల్లీమీటర్లు దాటితే రిమ్మును సరిచేయించాలి.

సామాను సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. వెనక ఇరుసుకు అవతల, ఎత్తున ఉన్న పెట్టెలో బరువు నింపితే ముందు చక్రంపై భారం తగ్గుతుంది, బండి వెనక భాగం ఊగడం సులువవుతుంది. కనుక మొదటిసారి పరీక్షించేటప్పుడు పెట్టె తీసేసి నడిపి చూడాలి. బరువైనవి వీలైనంత కిందుగా, ముందుకు ఉంచాలి.

హ్యాండిల్ కుదుపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. నేను దాన్ని చివరి అవకాశంగానే చూస్తాను, ఎందుకంటే అది వాబుల్‌ను తగ్గించినా అరిగిన బేరింగును దాచిపెడుతుంది, ఎక్కువ వేగంలో వీవ్‌ను పెంచే వీలూ ఉంది.

ఒక్కో మార్పు చేశాక ఖాళీ రోడ్డుపై వేగాన్ని కొద్దికొద్దిగా పెంచి చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇన్నీ సరిగా ఉన్నా ఊగుడు పోకపోతే, ముఖ్యంగా బండి ఎప్పుడైనా పడి ఉంటే, ఫోర్కులు గానీ ఛాసిస్ గానీ వంగాయేమో కొలిపించాలి. ఆ కొలత తేలేదాకా ఆ బండిని వేగంగా నడపకూడదు.