పాత విమానాల గాలి గొట్టాలు – 4వ పాఠం: పాడైన ట్యూబ్ స్థానంలో ఏ లోహం?

గత పాఠంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ గాలి వ్యవస్థ మొత్తం కాగితం మీద గీసుకున్నాం. ఇంజిన్ తిప్పే కంప్రెసర్, దాని తర్వాత వరసగా రెండు సిలిండర్లు, ఒక్కోదాంట్లో 300 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) ఒత్తిడితో గాలి. ఆ గాలితోనే ఫ్లాప్‌లు దిగుతాయి, బ్రేకులు పడతాయి, యుద్ధకాలంలో తుపాకులూ పేలేవి. ఆ దారిలో ఉన్న సన్నటి గొట్టాల్లో ఒకటి పాడైందనుకోండి. దాని బదులు ఏం వేయాలి?

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఏది బాగా గట్టిది?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక తప్పుదారి పడుతుంది. ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం.

గొట్టం గోడ మీద పడే ఒత్తిడి తెలియాలంటే లోపలి గాలి ఒత్తిడిని బయటి వ్యాసంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగించాలి. పావు అంగుళం వ్యాసం, బ్రిటిష్ గేజ్ కొలతలో 22 ఎస్‌డబ్ల్యూజీ మందం, అంటే 0.028 అంగుళం ఉన్న ట్యూబ్ తీసుకుందాం. 300 × 0.25 ÷ 0.056. వచ్చేది సుమారు 1,340 పీఎస్‌ఐ. విమానాల్లో వాడే మెత్తటి అల్యూమినియం 5052-ఓ శాశ్వతంగా సాగడం మొదలుపెట్టేది సుమారు 13,000 పీఎస్‌ఐ దగ్గర. అంటే ఆ మెత్తటి లోహానికే అవసరానికి దాదాపు పది రెట్ల బలం ఉంది. 6061-టీ6 అనే మరో రకం అల్యూమినియం దానికి మూడు రెట్లు గట్టిది, నిజమే. కానీ ఇక్కడ ఆ అదనపు బలానికి పనేమీ లేదు.

మరి పాత విమానాల్లో ఈ గొట్టాలు ఎందుకు పోతాయి? లోపలి ఒత్తిడికి పగిలి పోవడం చాలా అరుదు. పోయేది ఎక్కువగా ఫ్లేర్ దగ్గర. ఫ్లేర్ అంటే నట్టు కింద కూర్చోవడానికి గరాటులా విచ్చదీసిన చివర. విప్పిన పాత ట్యూబ్ చివరను మంచి వెలుతురులో పెట్టి, పది రెట్ల భూతద్దంతో చూడండి. విచ్చుకున్న అంచు నుంచి లోపలికి వెంట్రుక మందం గీతలు కనిపిస్తే అవి గీతలు కావు, నెర్రెలు. గట్టి లోహాన్ని బలవంతంగా విచ్చదీస్తే మొదటి రోజే ఇవి పుడతాయి. 6061-టీ6తో వచ్చే చిక్కు ఇదే. 5052-ఓ మాత్రం చెప్పినట్టు వింటుంది, శుభ్రంగా విచ్చుకుంటుంది. అందుకే 1,000 నుంచి 1,500 పీఎస్‌ఐ దాకా ఉండే హైడ్రాలిక్, గాలి గొట్టాలకు అది మామూలు ఎంపిక అయింది. 3,000 పీఎస్‌ఐ వ్యవస్థ అయితే కథ వేరు, అక్కడ ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలే.

రెండో శత్రువు కంపనం. పాత విమానాల్లో రాగి గొట్టాలు చాలా కనిపిస్తాయి. రాగి కొత్తగా ఉన్నప్పుడు ఎంత మెత్తగా ఉంటుందో, ఇంజిన్ అదురుకు ఏళ్ల తరబడి గురై అంత పెళుసు అవుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి టక్కున విరిగినట్టే ఇదీ విరుగుతుంది. అందుకే అప్పటి మెకానిక్‌లు రాగి గొట్టాలను విప్పి, ఎర్రగా కాల్చి మళ్లీ మెత్తబరిచేవారు. బ్రిటిష్ విమానాల్లో బంగారు ఛాయలో ఉన్న గొట్టం కనబడితే అది టంగమ్ అయ్యే అవకాశం ఉంది. అది ఐదింట నాలుగు వంతులకు పైగా ఉండే రాగికి జింకు, కాస్త అల్యూమినియం, నికెల్, సిలికాన్ కలిపిన ఇత్తడి జాతి లోహం. తుప్పునూ అలసటనూ బాగా తట్టుకుంటుంది. డ్రాయింగ్‌లో టంగమ్ అని ఉండి, అది దొరుకుతుంటే ఇంకోదాని జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ కాలపు ఇంజినీర్లు ఖర్చు ఎక్కువైనా దాన్ని ఊరికే ఎంచుకోలేదు.

మూడోది నీరు. గాలిని నొక్కితే అందులోని తేమ నీరై, గొట్టం ఎక్కడ కిందికి వంగిందో అక్కడ నిలుస్తుంది. పాత ట్యూబ్‌ను ఆ అడుగు వంపు దగ్గర నిలువునా కోసి చూడండి. అల్యూమినియం అయితే తెల్లటి పొడి, గుంటలు కనిపిస్తాయి. అలాంటప్పుడు లోహం మార్చే ముందు నీరు వదిలే ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూడాలి. లేకపోతే కొత్త ట్యూబ్‌కీ అదే గతి.

ఒక్క ముక్క మాత్రం మినహాయింపు. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే మొదటి గొట్టంలో గాలి బాగా వేడిగా ఉంటుంది, ఇంజిన్ అదురూ నేరుగా తగులుతుంది. అక్కడ మెత్తటి అల్యూమినియం వేయకండి. డ్రాయింగ్‌లో ఉన్న స్టీలో, రాగి మిశ్రమమో అదే వేయాలి.

ఇక పాత ట్యూబ్‌ను గుర్తుపట్టడం. పెయింటు కాస్త గీకండి: ఎరుపైతే రాగి, పసుపైతే ఇత్తడి జాతి, తెల్లగా తేలికగా ఉంటే అల్యూమినియం. అయస్కాంతం అంటుకుంటే మామూలు స్టీలు. అమెరికన్ అల్యూమినియం ట్యూబ్ మీద రంగు పట్టీ ఇంకా మిగిలి ఉంటే అదృష్టం: 5052కి ఊదా, 6061కి నీలం, పసుపు జంట.

కొలతల దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. బ్రిటిష్ ట్యూబ్ 0.028 మందం అయితే, అమెరికా నుంచి సులభంగా దొరికే పావు అంగుళం ట్యూబ్ 0.035 ఉంటుంది. బయటి వ్యాసం ఒకటే, నట్టు సరిపోతుంది, కానీ గాలి పోయే రంధ్రం వైశాల్యం సుమారు 14 శాతం తగ్గిపోతుంది. అమెరికన్ సైనిక ప్రమాణమైన ఏఎన్ ఫిట్టింగ్‌ల (గొట్టాలను కలిపే జాయింట్ల) ఫ్లేర్ కోణం 37 డిగ్రీలు, కార్ల షాపులో దొరికే పనిముట్టు చేసేది 45. పాత బ్రిటిష్ విమాన ప్రమాణమైన ఏజీఎస్ ఫిట్టింగ్‌ల మరలు చాలావరకు బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర), కోణం వాటి డ్రాయింగ్‌లో ఏది ఉంటే అది. 6 మిల్లీమీటర్ల ట్యూబ్ పావు అంగుళానికి 0.35 తక్కువ. నట్టు బిగుస్తుంది కాబట్టి సరిపోయిందనుకోవద్దు. సరిపోలేదు.

ఎంచుకున్నది ఏదైనా, పార్ట్స్ కేటలాగ్‌లో ఉన్న లోహానికి బదులు వేరేది వేస్తే అది మార్పు కిందే లెక్క. దానికి లైసెన్స్ ఉన్న ఇంజినీరు సంతకం, అవసరమైన ఆమోదం ఉండాలి. ట్యూబ్‌తో పాటు తయారీదారు సర్టిఫికెట్ రాకపోతే కొనకండి, ఎంత చవకైనా సరే.

వచ్చే పాఠానికి ముందు ఈ లెక్క చేసి ఉంచండి. సోవియట్ శిక్షణ విమానం యాక్-52లో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోలు. బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు ఉన్న ట్యూబ్ గోడ మీద ఎంత పడుతుంది? 5052-ఓ సుమారు 900 కిలోల దగ్గర సాగుతుంది, మరి ఎన్ని రెట్లు మిగిలింది? 5వ పాఠంలో ట్యూబ్ వంచడం, ఫ్లేర్ చేయడం మొదలుపెడతాం. ఓ రెండడుగుల 5052-ఓ ముక్క, మంచి ట్యూబ్ కట్టర్, భూతద్దం దగ్గర పెట్టుకోండి.