ఫుల్ ఫ్రేమ్ పాఠాలు - 6: నలభై అయిదు మెగాపిక్సెళ్ళు ఏమిస్తాయి, ఏం అడుగుతాయి

పోయిన పాఠంలో మిమ్మల్ని చార్మినార్ దగ్గరికి వెళ్ళి, మన 45 మెగాపిక్సెళ్ళ నికాన్ డి850 కెమెరాని పూర్తి రిజల్యూషన్‌లో పెట్టి, 85 ఎంఎం లెన్స్‌తో మినార్ల మీది సున్నపు పనిని స్టాండ్ లేకుండా తీసి పంపమన్నాను. ఫొటోలు వచ్చాయి. దాదాపు అన్నిటితో పాటు ఒకే ఫిర్యాదు కూడా వచ్చింది: "సార్, సిస్టమ్‌లో వంద శాతం పెట్టి చూస్తే అంతా పదును లేకుండా మెత్తగా ఉంది, నా పాత డి750లోనే నయం, ఈ బాడీలో ఏదో తేడా ఉంది." ఒకరైతే కోఠీలో కొన్న సెకండ్ హ్యాండ్ బాడీని వెనక్కి ఇచ్చేస్తానని రాశారు. ఇవ్వకండి. ఈసారి లెన్సుల గురించి రాయాల్సింది, దాన్ని వచ్చే పాఠానికి జరిపాను, ఎందుకంటే ఈ సంగతి తేలకుండా ఈ కెమెరా బలమేంటో బలహీనతేంటో ఎంత చెప్పినా తలకెక్కదు.

షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్ఓ ఏంటో మళ్ళీ చెప్పను. నేరుగా ఆ వంద శాతం జూమ్ దగ్గరికి వస్తాను.

డి850 ఫొటో అడ్డంగా 8256 పిక్సెళ్ళు, నిలువుగా 5504. 24 మెగాపిక్సెళ్ళ డి750ది అడ్డంగా 6016. మీ టేబుల్ మీదున్నది 24 అంగుళాల మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ అనుకుంటే, దానిలో అంగుళానికి 92 పిక్సెళ్ళు పడతాయి. అంటే వంద శాతంలో, ఫొటోలో ఒక పిక్సెల్ స్క్రీన్ మీద ఒక పిక్సెల్‌గా, చూస్తున్నప్పుడు డి850 ఫొటోని మీరు దాదాపు ఏడున్నర అడుగుల వెడల్పు ప్రింట్‌గా చేసి, దాని ముందు ఒకటిన్నర అడుగు దూరంలో కూర్చుని చూస్తున్నట్టు. డి750 ఫొటో అలాగే చూస్తే అయిదున్నర అడుగులే. ఏడున్నర అడుగుల ప్రింట్‌ని అయిదున్నర అడుగుల ప్రింట్ పక్కన పెట్టి, పెద్దది మెత్తగా ఉందంటే ఎలా? రెండింటినీ ఒకే సైజుకి తెచ్చి చూడండి. 12x18 అంగుళాల ప్రింట్ తీయించండి, లేదా డి850 ఫైల్‌ని 6016 పిక్సెళ్ళకి తగ్గించి పక్కపక్కన పెట్టండి. అప్పుడు కూడా డి850 వెనకబడితే నాకు రాయండి. నాయిస్ గురించి అడిగినవాళ్ళకీ ఇదే జవాబు. ఒక్కో పిక్సెల్‌ని పట్టి చూస్తే ఐఎస్ఓ 6400 దగ్గర గరుకుగానే కనిపిస్తుంది, అదే సైజుకి తగ్గిస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

ఇది సగం మాట. మిగతా సగంలో తప్పు నిజంగానే మీ చేతిలో ఉంది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మీకెవరో నేర్పిన పాత సూత్రంలో ఉంది: "85 ఎంఎం లెన్సా, షట్టర్ స్పీడ్ 1/85 సెకను కంటే తగ్గకుండా చూసుకో, చాలు." ఇది ఫిల్మ్ కాలం నాటి లెక్క, మామూలు సైజు ప్రింట్‌ని మామూలు దూరం నుంచి చూసేవాళ్ళ కోసం పుట్టింది. ఇప్పటికీ స్టూడియోల్లో కొత్త కుర్రాళ్ళకి దీన్నే మంత్రంలా నేర్పుతుంటే నాకు నిజంగా చిరాకేస్తుంది. లెక్క చూడండి. చెయ్యి కదిలి సెన్సర్ మీద బొమ్మ 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అలుక్కుపోయిందనుకుందాం. డి750 పిక్సెల్ ఆరు మైక్రాన్లు, అంటే రెండు పిక్సెళ్ళ మేర అలికింది. డి850 పిక్సెల్ సుమారు 4.35 మైక్రాన్లు, అదే అలుకుడు ఇక్కడ దాదాపు మూడు పిక్సెళ్ళు. కదలిక అంతే, దాన్ని చూపించే కన్ను పదునెక్కింది. మరి ఆ అదనపు పిక్సెళ్ళ కోసమే కదా మీరు డబ్బు పెట్టింది, అవి దక్కాలంటే 85 ఎంఎంకి కనీసం 1/200, నాలాంటివాడైతే 1/250 పెడతాడు. 50కి 1/125. 200 ఎంఎంకి 1/500, లెన్స్‌లో వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే కొంత తగ్గొచ్చు, కానీ వీఆర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, తలంబ్రాలు పోస్తున్న పెళ్ళికూతురి చేతిని ఆపదు. ప్రతిసారీ లెక్కపెట్టుకునే ఓపిక లేకపోతే ఆటో ఐఎస్ఓలో మినిమమ్ షట్టర్ స్పీడ్‌ని 'ఆటో'లోనే ఉంచి, దాని లోపలి గీతని ఫాస్టర్ వైపు జరపండి. నేను అలాగే వదిలేస్తాను. ఐఎస్ఓ కాస్త పెరిగితే సరిచేసుకోవచ్చు, షేక్ అయిన ఫొటోని సరిచేయలేం.

స్టాండ్ మీద పెడితే సరిపోతుందనుకోకండి. ఇది అద్దం లేచి పడే కెమెరా. ట్యాంక్‌బండ్ నుంచి రాత్రి బుద్ధ విగ్రహం తీసేటప్పుడు 1/15 నుంచి అర సెకను మధ్యలో ఆ అద్దం దెబ్బే ఫొటోని చెడగొడుతుంది. అద్దాన్ని ముందే లేపి ఉంచే మిర్రర్ అప్ మోడ్ పెట్టి, షట్టర్ మొదటి తెర కుదుపుని తప్పించే ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్‌ని మెనూలో ఆన్ చేసి, రిమోట్‌తో నొక్కండి. స్టాండ్ మీద వీఆర్ ఆపేయండి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద నిలబడి తీసినవాళ్ళకి ఒక మాట, వాహనాలు వెళ్తుంటే బ్రిడ్జే వణుకుతుంది, చెరువు గట్టు మీదికి దిగండి.

ఇంత కష్టపెట్టి ఏమిస్తుందీ అంటారా. పెళ్ళి ఆల్బమ్‌లో 12x36 అంగుళాల షీట్ అంతటా ఒకే ఫొటో పరిస్తే డి850 అంగుళానికి 229 పిక్సెళ్ళు ఇస్తుంది, 24 మెగాపిక్సెళ్ళది 167 దగ్గర ఆగిపోతుంది, పట్టుచీర జరీలో ఆ తేడా కనిపిస్తుంది. అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు తీసేవాళ్ళు డీఎక్స్ క్రాప్ (సెన్సర్ మధ్య భాగాన్నే వాడే మోడ్) పెట్టుకుంటే 500 ఎంఎం లెన్స్ 750లా దగ్గరికి తెస్తుంది, అప్పటికీ చేతిలో 19 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఐఎస్ఓ 64. కుతుబ్‌షాహీ సమాధుల లోపల నిలబడి గుమ్మంలోంచి బయటి ఎండని కలిపి తీయండి, ఎండ కాలిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టి, లోపలి చీకటిని రా (RAW) ఫైల్‌లో, అంటే సెన్సర్ పట్టిందంతా ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌లో, పైకి లాగండి. రాతి గోడలు చెదరకుండా బయటికొస్తాయి. ఐఎస్ఓ 800లో ఇదే చేస్తే అంత రాదు. ఇక బ్యాటరీ, కంపెనీ లెక్కలో 1840 షాట్లు, ముహూర్తం మధ్యలో బ్యాటరీ టెన్షన్ ఉండదు. 2017 నాటి బాడీని ఇంకా నమ్ముకోవడానికి నాకు ఇవి చాలు.

బలహీనతలు దాచను. 14 బిట్ లాస్‌లెస్ కంప్రెస్డ్ రా ఒక్కోటి 50 ఎంబీ దాటుతుంది, పెళ్ళిలో మూడు వేల క్లిక్కులంటే 150 జీబీ పైనే, బ్యాకప్ తీస్తే దానికి రెట్టింపు. ఇందులో ఒక ఎక్స్‌క్యూడీ కార్డు, ఒక ఎస్‌డీ కార్డు పడతాయి, రెండింటిలోకీ ఒకేసారి రాయిస్తే ఎక్కువ వేగమున్న ఎక్స్‌క్యూడీ కూడా ఎస్‌డీ కార్డు వేగానికి దిగిపోతుంది. బాడీ బ్యాటరీతో, కార్డుతో కలిపి కిలో. సన్నటి గీతల్ని కాస్త మెత్తబరిచే లో పాస్ ఫిల్టర్ సెన్సర్ ముందు లేదు కాబట్టి సన్న చెక్స్ షర్టుల మీద, నెట్ ఓణీల మీద రంగు రంగుల అలలు రావచ్చు, రెండడుగులు ముందుకో వెనక్కో జరిగి ఇంకోటి తీయండి. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ చూస్తూ తీస్తే, ఫోకస్ నిదానం. జీలకర్ర బెల్లం సమయంలో అందరూ మండపం చుట్టూ మూగితే కెమెరాని తల పైకెత్తి స్క్రీన్ చూస్తూ తీద్దామనుకుంటారు, అది ఫోకస్ వెతుక్కునేలోపు ఘట్టం అయిపోతుంది. నేను చిన్న స్టూల్ తీసుకెళ్తాను, వ్యూఫైండర్ వదలను.

ఇంకో చిక్కు, అద్దం కింద ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు. లెన్స్‌ని బట్టి ఫోకస్ కంటికి కాక ముక్కు మీదో చెవి మీదో పడొచ్చు. స్టాండ్ మీద, అపర్చర్ పూర్తిగా తెరిచి, లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, ఏఎఫ్ మోడ్ బటన్‌నీ వీడియో రికార్డ్ బటన్‌నీ కలిపి రెండు సెకన్లకి పైగా నొక్కి పట్టుకోండి, సరిచేయమంటారా అని కెమెరానే అడుగుతుంది. ఉన్న ప్రతి లెన్స్‌కీ చేయండి.

అభ్యాసం ఈసారి కాస్త ఎక్కువ. మళ్ళీ చార్మినార్, అదే లెన్స్, అదే చోటు, అపర్చర్ ఎఫ్/5.6. షట్టర్ స్పీడ్ 1/80, 1/160, 1/320, 1/640, ఒక్కోదానికి ఇరవై ఫొటోలు. ఇంటికొచ్చి ఒక్కో స్పీడ్‌లో ఎన్ని షార్ప్‌గా వచ్చాయో కాగితం మీద రాయండి, చేతి నిలకడ మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి అదే ఇక మీ సూత్రం. తర్వాత 1/80లో బాగా వచ్చినదీ, 1/320లో బాగా వచ్చినదీ ల్యాబ్‌లో 12x18 ప్రింట్లు తీయించి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళకి చూపించండి. నాకు ఫొటోలు వద్దు, ఆ కాగితం లెక్కా, ఇంట్లోవాళ్ళు దేన్ని ఎంచుకున్నారో, ఆ రెండే పంపండి.