ఇంటి శ్లాబు చల్లబడితే బిల్లు శ్లాబు దిగుద్ది: మన గోదారోళ్ళ డాబా ఇళ్ళ కోసం

మే నెలలో మా ఇంట్లో రాత్రి 11కి కూడా ఫ్యాన్ కింద వేడి గాలేనండి. బయట అరుగు మీద కూర్చుంటే కాలవ గట్టు మీంచి గాలి హాయిగా తగులుద్ది, లోపలికి అడుగెడితే కుంపట్లో దూరినట్టు. కారణం నెత్తి మీదే ఉంది, పొద్దస్తమానం ఎండ తాగిన శ్లాబు రాత్రంతా దాన్ని ఇంట్లోకి కక్కుద్ది. మా తాతల పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది, కింద అటక ఉండేది, చూరు కిందకి దిగి గోడలకి ఎండ తగలనిచ్చేది కాదు. అది పీకేసి డాబా కట్టుకున్నాం, ఇప్పుడు ఏసీ కోసం ఏడుస్తున్నాం.

ముందు ఒక వారం మీటర్ చూడండి. రాత్రి పడుకునే ముందు, పొద్దున్న లేవగానే రీడింగ్ క్యాలెండర్ మీద రాసుకుంటే ఏ పూట ఎంత తాగుతోందో తెలిసిపోద్ది. ఓసారి ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్, ఇన్వర్టర్ కూడా ఆపి, మీటర్ మీద ఎర్ర లైటు చూడండి, అయినా టపటపా కొట్టుకుంటోందంటే ఎక్కడో ఏదో నడుస్తోంది, లేదా వైరింగ్‌లో లీకు, ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిందే. ఇదంతా ఎందుకంటే 2022 నుంచి వచ్చిన కరెంటు బిల్లు శ్లాబుల లెక్కలో మొదటి 30 యూనిట్లు రెండు రూపాయల్లోపే, అదే 225 దాటాక 400 దాకా ఒక్కో యూనిటూ 8 రూపాయల 75 పైసలు, ఆ పైన ఇంకా ఎక్కువ. అంటే మనం తగ్గించేవి పైనున్న ఖరీదైన యూనిట్లేనండి, అందుకే 60 యూనిట్లు తగ్గినా బిల్లులో గట్టిగా కనపడుద్ది.

ఇప్పుడు అసలు పని, డాబాకి సున్నం. శివరాత్రి వెళ్ళాక ఉగాది లోపు చేసేసుకోండి, వానలకి సగం కొట్టుకుపోద్ది గనక ఏటా వెయ్యాల్సిందే. ముందు నాచు, నల్లమచ్చలు కొబ్బరి చీపురుతో కాదు, ఇనప బ్రష్షుతో రుద్ది కడిగెయ్యండి, మన తేమకి నాచు ఎలా పడుద్దో తెలుసుగా, దాని మీద వేస్తే పొరలు పొరలుగా లేచిపోద్ది. పగుళ్ళుంటే సిమెంటు పూడ్చి ఆరనివ్వండి. మా 800 అడుగుల డాబాకి 15 కేజీల రాతి సున్నం తెచ్చాను. ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి అందులో సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి, సున్నం మీద నీళ్ళు గుమ్మరించకండి, బుసబుసా పొంగి మొహం మీదకి చిమ్ముద్ది. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఆ వేడికి మెత్తబడిపోద్ది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, కంట్లో పడితే ఆటలు కాదు. ఒక రాత్రి నాననిచ్చి పాత పంచెతో వడకట్టి, బకెట్‌కి ఓ గ్లాసు ఫెవికాల్ కలపండి. దోసెల పిండి కంటే పల్చగా, పాల కంటే చిక్కగా ఉండాలి.

సాయంత్రం ఎండ దిగాక డాబా తడిపి మొదటి కోటు పొడుగునా, మర్నాడు రెండో కోటు అడ్డంగా. వేసినప్పుడు నీళ్ళ మజ్జిగలా కనపడి మా ఆవిడ "దీనికా రెండ్రోజులు తగలేశారు" అంది, పొద్దున్నకి పాలు పోసినట్టు తెల్లబడింది. టెస్టు చాలా సింపులండి, మధ్యాహ్నం మూడింటికి చెప్పుల్లేకుండా సున్నం వేసిన చోట ఓ అడుగు, వెయ్యని చోట ఓ అడుగు వెయ్యండి, ఇంక మీకు నేను చెప్పక్కర్లేదు. వడియాలు పెట్టుకునేవాళ్ళు కింద చాప వేసుకోండి, లేకపోతే సున్నం అంటుద్ది. ఏటా వేసే ఓపిక లేకపోతే కూల్ రూఫ్ పెయింట్ ఉంది, కొన్నేళ్ళు వస్తుంది, కానీ ఖర్చెక్కువ.

కొంతమంది డాబా మీద ఎండు కొబ్బరాకులు పరుస్తారు. చల్లగానే ఉంటుంది గానీ ఒక నిప్పురవ్వ చాలు, పైగా ఎలకలు, వాటి వెనకాల పాములు. నేనైతే వద్దంటాను.

పడమటి గోడ సంగతి. కిటికీకి లోపల కర్టెన్ కడితే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, లాభం తక్కువ. బయట కట్టాలి. కడియం నర్సరీల్లో మొక్కల మీద కడతారే ఆకుపచ్చ షేడ్ నెట్, అదే గోడకి రెండడుగులు దూరంగా పందిరిలా దించండి, మధ్యలో గాలి ఆడాలి. వెదురు తడికైనా సరే.

కూలర్ గురించి ఒక్క మాట, కొనకండి. పొడి గాలి ఉన్న ఊళ్ళలో అది పనిచేస్తుంది, మనకి గాలే తడి, ఇంకా తడి చేస్తే ఉక్కపోత రెట్టింపు.

ఫ్యాన్లు మాత్రం మార్చండి. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఫ్యాను) 30 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి ఒక్కో ఫ్యానుకి 20 యూనిట్లు మిగులుద్ది, మూడు ఫ్యాన్లకి పైన చెప్పిన ఆ 60. కానీ గోడ మీద పాత రెగ్యులేటర్ని లైన్లోంచి తీసేయించండి. మా ఇంట్లో బిగించినాయన అది వదిలేశాడు, నాకూ తెలీదు, రెండు నెలలు కుయ్యిమని మూలిగి ఫ్యాను లోపలి బోర్డు పోయింది.

ఏసీ ఉంటే 24 దగ్గర మొదలెట్టండి (2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 మీదే వస్తున్నాయి), ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుద్దని లెక్క. నేను 26 పెట్టి ఫ్యాను రెండు మీద తిప్పుతాను, తెల్లారుజామున దుప్పటి వెతుక్కుంటాం. వానాకాలం జిగట రోజుల్లో డ్రై మోడ్ వాడండి. ఫిల్టరు రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి. ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు, పది వాట్లు తాగినా నెలకి ఏడు యూనిట్లు.

సోలార్ ఆఖర్న, ఎందుకంటే వాడకం తగ్గాక పెడితే చిన్నది సరిపోద్ది. 1 కిలోవాట్ రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తుంది, 100 అడుగుల నీడ లేని చోటు కావాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 2 కిలోవాట్లకి 60 వేలు, 3కి 78 వేలు సబ్సిడీ. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ (వీధి కరెంటు లైనుకి కలిపేది) అయితే కరెంటు పోయినప్పుడు అదీ ఆగిపోద్ది, లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా చేస్తారు, మా బాబాయ్ ఇది తెలీక ఉన్న ఇన్వర్టర్ అమ్మేసుకున్నాడు. సముద్రం దగ్గర, అంటే అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళు స్టాండు మామూలు ఇనుముది ఒప్పుకోకండి, ఉప్పు గాలికి తినేస్తుంది, బాగా గాల్వనైజ్ చేసిందే (జింకు పూత ఉన్నదే) అడగండి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి బోల్టులు ఎంత గట్టిగా ఉండాలో చెప్పక్కర్లేదు. ఇంక కొబ్బరిచెట్టు. దాని నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరసంతా మందగిస్తుంది, పైగా కాయ రాలితే అద్దం పోయినట్టే. అందుకని దింపు తీసేవాడికి ముందే చెప్పి, డాబా వైపున్న చెట్టుకి కాయలు ముదరకుండా బొండాలప్పుడే దింపించెయ్యండి.